తూర్పు ఎడమచేతి వైపున

నేను గీసిన ఆకాశంలో తూర్పుని పడమర చేశారు, పడమరని తూర్పు చేశారు. చేసి, కింద నా పేరు మాత్రం అలాగే ఉంచారు.

చేసినవాళ్ళు దొంగలు కారు. రాజమండ్రిలో చుక్కలు చూసే సరదా ఉన్న పెద్దమనుషులు కొందరు కలిసి పెట్టుకున్న సంఘం. వాళ్ళు అడిగితేనే ఆ నక్షత్ర పటం గీసిచ్చాను. సభ్యులకి పంచడానికి అక్కడే అచ్చు వేయించుకుని నాకూ ఒక కాపీ పోస్టులో పంపారు. శుభలేఖకి రాసినట్టు నాలుగు మూలలా పసుపు కూడా రాశారు. విప్పి చూశాక ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఉత్తరం రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. లేదు. మూడో ఉత్తరంలో నమస్కారం కూడా పెట్టకుండా ఒకే ఒక్క ప్రశ్న వేశాను: "తూర్పుని కుడివైపు పెట్టమని మీకెవరు చెప్పారు?" దానికీ ఉలుకూ పలుకూ లేదు. ఇక లాభం లేదని నేనే బయల్దేరాను.

పాలకొల్లు: మూఢంలో పని

నాది శుభలేఖల ప్రెస్సు. స్క్రీన్ ప్రింటింగ్. పెళ్ళిళ్ళుంటే పని, లేకపోతే లేదు. శుక్రుడు సూర్యుడికి దగ్గరై ఆ వెలుగులో కనపడకుండా పోతే మూఢం అంటారు. మూఢంలో మనవాళ్ళు పెళ్ళి మాట ఎత్తరు. మిగతా ప్రెస్సుల వాళ్ళు షట్టర్లు దించి చుట్టాలిళ్ళకి పోతారు. నేను నక్షత్ర పటాలు వేసుకుంటాను. ఒక్క శుక్రుడు దాక్కుంటే మిగతా చుక్కలన్నిటికీ నాకు తీరిక దొరుకుతుంది.

ఇదంతా తోకచుక్క వచ్చిన ఏడు మొదలైంది. అప్పట్లో పట్నం నుంచి చుక్కల్ని గుర్తుపట్టే గుండ్రటి అట్ట ఒకటి తెప్పించాను. ఎక్కడో చలిదేశాల వాళ్ళ కోసం చేసినది. అందులో ధ్రువుడు ఆకాశంలో సగం ఎత్తున ఉన్నాడు. మనకి చెయ్యి చాచి జాన పెడితే ఆ జానెడు ఎత్తు కూడా ఉండడు. మనకి దక్షిణాన మెరిసే అగస్త్యుడైతే ఆ అట్టలో అసలు లేడు. ఎవరి ఆకాశమో మనకి అంటగట్టి డబ్బులు పుచ్చుకోవడం ఏం న్యాయమో చెప్పండి. ఆ కోపంతోనే నేర్చుకున్నాను. బడిలో చదివింది తొమ్మిదో క్లాసు దాకా. తక్కినది పంచాంగం, లైబ్రరీ, మా డాబా కలిసి నేర్పాయి.

అప్పటినుంచి అడిగినవాళ్ళకి అడిగినట్టు గీసిస్తున్నాను. ఏ ఊరు, ఏ నెలలో చూస్తారు, ఏ వేళకి తీరిక, ఏ పక్క ఏం అడ్డం ఉంది, అన్నీ కనుక్కుంటాను. రైసుమిల్లు గొట్టం ఉంటే దాని నీడ పటం అంచున నల్లగా వేస్తాను. కొలతలిచ్చి చొక్కా కుట్టించుకున్నట్టే ఇది. మా పాలకొల్లుకి ఒక భాగ్యం ఉంది. రోహిణి మా నడినెత్తి మీదుగా నడుస్తుంది. హైదరాబాదు వాళ్ళకి కాస్త పక్కకి పోతుంది, ఢిల్లీ వాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. మా డాబా మీద వెల్లకిలా పడుకుంటే ముక్కుకి సూటిగా ఉంటుంది. ఏ పటంలోనైనా నేను మొదట పెట్టే చుక్క అదే.

సంఘం వారి పటం కూడా, వాళ్ళు చేరి చూసే మేడకి తగినట్టు, అంత శ్రద్ధగానే గీశాను. ఉత్తరం అంచున మూడు కొబ్బరిచెట్ల నీడ ఎంత ముచ్చటగా కుదిరిందో!

ఇక తూర్పు సంగతి. చదివేవారు అనుమానపడకుండా ఇక్కడే చెప్పేస్తాను. భూమి పటాన్ని మనం పైనుంచి చూస్తాం, తూర్పు కుడివైపు ఉంటుంది. ఆకాశం పటాన్ని కిందనుంచి చూస్తాం. లేచి దక్షిణానికి తిరిగి నిలబడండి. తూర్పు ఏ చేతివైపు ఉంది? ఎడమచేతివైపు. అంతే. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

'తూర్పు', 'పడమర' అని చిన్న చిన్న చీటీలు అచ్చు కొట్టాను. సరైన పటాలు కొన్ని చుట్టగా చుట్టి, జిగురు సీసా ఒకటి సంచీలో పెట్టుకున్నాను. మా ఆవిడ పులిహోర పొట్లం కట్టిచ్చి, "దెబ్బలాటకి వెళ్ళినా ఆత్రేయపురం మీదుగా రండి. పూతరేకులు లేకుండా గుమ్మం ఎక్కొద్దు," అంది.

బస్సులో కండక్టరు నా కాగితాల చుట్ట వంక చూశాడు.

"ఏంటండీ అవి? క్యాలెండర్లా?"

"ఆకాశం."

"లగేజీ టిక్కెట్టు కొట్టమంటారా అయితే?"

బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు.

పెనుగొండ: గేటు మీదికి వచ్చింది

పెనుగొండలో దిగడానికి కారణం గుప్తగారు. బట్టల కొట్టు ఆయన. వాళ్ళింట్లో జరిగిన పెళ్ళిళ్ళన్నిటికీ శుభలేఖలు నేనే వేశాను. ఆయన ఆ సంఘంలో సభ్యుడు కూడా.

కొట్లో అడుగుపెట్టగానే, "రండి రండి రత్నంగారూ!" అంటూ లేచి తన కుర్చీ ఇచ్చాడు. వచ్చిన పని చెప్పబోతే, భోజనం అయ్యాకే అన్నాడు. పులిహోర ఉందంటే, "అది బస్సులో తినండి, మా ఇంట్లో మాది తినండి," అన్నాడు. ఆ ఇంట్లో ఉల్లిపాయ, వెల్లుల్లి వాడరు. మా ఇంట్లో వెల్లుల్లి లేకపోతే పప్పు దిగదు. అయినా ఆ కందిపప్పు, కందపులుసు ఇప్పటికీ నాలుక మీదే ఉన్నాయి. గుప్తగారి తల్లి పక్కనే కూచుని, వద్దన్న కొద్దీ నెయ్యి వేయించారు.

"పటం ఎలా ఉందండీ?" అని అడిగాను, చెయ్యి కడుక్కుంటూ.

"బ్రహ్మాండంగా ఉందండి. ఫ్రేము కూడా కట్టించాను."

"ఆకాశంతో కుదిరిందా?"

ఆయన తువ్వాలు మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. "కుదరకపోవడానికి దోషం పటానిది కాదండి. మా ఇంటిది."

డాబా మీదికి తీసుకెళ్ళి చూపించాడు. సాయంత్రం తూర్పు అని రాసినవైపు తిరిగి నిలబడితే, పటంలో చుక్కలు ఒకటి, ఎదురుగా కనపడేవి ఇంకొకటట. వారం రోజులు చూశాడట. చూసి వాస్తు ఆయన్ని పిలిపించాడట.

"దిక్సూచి పెట్టి చూశాడండి. స్థలం కొంచెం తిరిగిందన్నాడు. వీధి గేటు తీసి అవతల మూల పెట్టమన్నాడు."

"పెట్టారా?"

"తాపీమేస్త్రీ రేపు వస్తానన్నాడండి."

నా పేరున్న పటం చూసి ఒక పెద్దమనిషి ఇంటి గేటు పగలబోతోంది! "ఎందుకండీ నాకు ఒక్క ముక్క రాయలేదు?" అని కేకలేశాను.

"మీరు పెద్దవారు. మీ పటం తప్పని నేనెలా అంటానండీ? గేటుదే అయ్యుంటుందనుకున్నాను."

వాస్తు ఆయన మీద కోపం వచ్చింది, సంఘం మీద వచ్చింది, ఈ అమాయకుడి మీదా వచ్చింది. కానీ కడుపు నిండా వాళ్ళ నెయ్యి ఉంది. ఏమంటాను? ఫ్రేము విప్పించి, చీటీలు అతికించి, దక్షిణానికి తిప్పి నిలబెట్టి చూపించాను. ఆయన ఎడమచెయ్యి చూసుకున్నాడు, పటం చూసుకున్నాడు. వెంటనే కిందికి వంగి, "అమ్మా! మేస్త్రీని రావద్దని చెప్పించు!" అని అరిచాడు.

వెళ్ళేటప్పుడు కొత్త కండువా భుజాన వేశాడు. డబ్బిస్తే పుచ్చుకోలేదు. "గేటు ఖర్చు మిగిలిందండి," అన్నాడు.

ఆత్రేయపురం: రేకుకి రెండు వైపులు

సిద్ధాంతం ఊరి దగ్గర వంతెన మీద గోదావరి దాటి, మా పడమటి జిల్లా నుంచి తూర్పు జిల్లాలోకి పోతుంటే నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ కనపడింది. రావులపాలెంలో బస్సు మారేటప్పుడు సంచీ చల్లగా తగిలింది. జిగురు సీసా మూత ఊడింది. గుప్తగారి కండువా, మా ఆవిడ పులిహోర, రెండూ ఒకటైపోయాయి. పటాల చుట్టలు చేతిలో, చీటీలు జేబులో ఉండబట్టి బతికాయి. తిట్టుకుంటూనే ఆత్రేయపురంలో దిగాను.

మొదట కనపడిన ఇంటి ముందు ఒకామె రేకులు తీస్తోంది. పేరు రామలక్ష్మి అని తర్వాత తెలిసింది. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంది. కింద కొబ్బరాకుల మంట. బియ్యప్పిండి పల్చగా కలిపి, అందులో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క తడవ లాగింది. ఇలా లాగిందో లేదో అలా రేకు లేచి వచ్చింది. మా పాలకొల్లులో ఈ పని ఎవరూ చెయ్యరు. మేం తినడం వరకే. నేను ముప్ఫై ఏళ్ళుగా ఫ్రేముకి బిగించిన మెష్ గుడ్డ మీద ఇంకు లాగుతున్నాను. అంత సమానంగా నా చేతికి ఇప్పటికీ రాదు.

"ఏం కావాలి బాబాయిగారూ? పంచదారవా, బెల్లంవా?"

"రెండూ ఇవ్వమ్మా. ముందు కాస్త పిండి ఉడకబెట్టి ఇస్తావా, అతికించుకోడానికి?"

"ఏం అతికిస్తారండీ?"

చెప్పాను. ఆమె గుడ్డ పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి నవ్వింది. "ఆకాశానికి అతుకులెయ్యడానికి మా పిండి కావాలా! ఎవరు చింపారండీ?"

"మీ జిల్లావాళ్ళే."

"మీరు ఆ ఒడ్డు వాళ్ళా? అయితే తూర్పుని మీరే ఎక్కడో పారేసుకుని ఉంటారు."

వాకిట్లో కూచున్న ఆమె అత్తగారు కూడా బోసినోటితో నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇల్లు వదిలాక అదే మొదటిసారి. పిండి ఉడికించి కొబ్బరి చిప్పలో పోసి, పైన అరిటాకు కట్టి ఇచ్చింది. దానికి లెక్క కట్టమంటే, "పిండికి డబ్బులేంటండీ, అప్రదిష్ట," అంది. పూతరేకుల దగ్గర మాత్రం రూపాయి తగ్గించలేదు. అదీ బాగానే ఉంది, ఎవరి పనికి వాళ్ళ ధర ఉండాలి.

అసలు సంగతి అక్కడే జరిగింది. ఒక రేకుని మడిచేముందు ఆమె వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. రేకుకి అటు ఆమె, ఇటు నేను.

"కుడి మూల మాడింది," అని పక్కన పెట్టబోయింది.

నాకు ఆ మాడు మచ్చ ఎడమ మూలన కనపడుతోంది. ఇద్దరం నిజమే చెబుతున్నాం. రాజమండ్రి వాళ్ళకి ఎలా చెప్పాలా అని దారి పొడుగునా లోపల్లోపల దెబ్బలాడుకుంటూ వచ్చాను. దెబ్బలాట అక్కర్లేదని అప్పుడు తోచింది.

"అమ్మా, ఉత్తి రేకులు కొన్ని ఇవ్వు. మడవకుండా."

"ఉత్తివి తింటే ఏముంటుందండీ? కాగితం తిన్నట్టుంటుంది."

"తినడానికి కాదులే. ఒకాయనకి చూపించాలి."

పళ్ళెం మీద పరిచి, పైన ఇంకో పళ్ళెం బోర్లించి పాత చీర చెంగులాంటి మెత్తటి గుడ్డతో కట్టింది. "పళ్ళేలు తిరుగు దారిలో ఇచ్చెయ్యండి," అంది. నా పేరు కూడా అడగలేదు.

రాజమండ్రి: కాఫీ కాఫీయే

బ్యారేజీ దాటి రాజమండ్రి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఒళ్ళో పళ్ళేలు పెట్టుకుని రిక్షాలో కూచుంటే పెళ్ళికి సారె తీసుకెళ్తున్నవాడిలా ఉన్నాను. సంఘం కార్యదర్శి కామేశ్వరరావుగారి ఇల్లు గోదావరికి దగ్గర్లో, మేడ మీద వాటా. కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరైన మనిషి. తలుపు తీసి నన్ను చూసి నాలుగడుగులు ఎదురొచ్చాడు.

"రత్నంగారా! రండి రండి. మీరే వచ్చారా! కబురు చేస్తే మేమే వచ్చేవాళ్ళం కదండీ."

మూడు ఉత్తరాలకి పలకని మనిషి మాట్లాడే మాటలా ఇవి? నేను కూచోలేదు. ఆయన భార్య అన్నపూర్ణమ్మగారు కాఫీ తెచ్చారు. వద్దన్నాను.

"కోపం వచ్చిందాండీ?" అన్నారావిడ.

"వచ్చిందమ్మా."

"కోపం కోపమే, కాఫీ కాఫీయే. చల్లారిపోతే రెండూ బాగోవు. తాగి తిట్టండి."

తాగాను. మా ఇంటి కాఫీ కన్నా చిక్కగా ఉంది, ఒప్పుకోవాలి. తాగి, ఉత్తి రేకుల పళ్ళెం బల్లమీద పెట్టాను. సగం రేకులు దారిలో విరిగాయి. బాగున్నదొకటి పైకి తీశాను. అన్నపూర్ణమ్మగారిని నెయ్యి, పసుపు, కుంకుమ అడిగాను. ఆవిడ కామేశ్వరరావుగారి వంక ఒకసారి చూసి, తెచ్చి ఇచ్చారు.

"మాస్టారూ, నేల పటం ఎలా ఉంటుందో ఈ రేకు మీద పెట్టండి. నేతిలో వేలు ముంచి తూర్పున కుంకుమ బొట్టు, పడమరన పసుపు బొట్టు. నిజం దిక్కులకే పెట్టండి."

ఆయన శ్రద్ధగా పెట్టాడు. ఉత్తరం పైకి, కుంకుమ కుడివైపు.

"అలాగే, ఏమాత్రం తిప్పకుండా నెత్తి మీదికి ఎత్తండి. ఎత్తి, మీరు మాత్రం దక్షిణానికి తిరిగి కిందనుంచి చూడండి."

రేకు కదా, ఊపిరి బిగబట్టి ఎత్తాడు. కిటికీలోంచి వచ్చే ఎండ రేకులోంచి ఆయన కళ్ళజోడు మీద పడింది. చాలాసేపు అలాగే చూశాడు. కుంకుమ ఎడమవైపు ఉంది.

"ఏమండీ, చేతులు నొప్పెడతాయి, దించండి," అన్నారు అన్నపూర్ణమ్మగారు.

దించేటప్పుడు రేకు రెండుగా విరిగింది. ఆయన కుర్చీలో కూచుని, "మరి కమిటీ అంతా అట్లాసు పెట్టుకుని సరిచూశామండి," అన్నాడు మెల్లగా. "తూర్పు ఎడమకి ఉంది, పెద్దాయన ఏదో పరాకులో ఉన్నారనుకున్నాం. అడిగితే చిన్నబుచ్చుకుంటారని, అడక్కుండా మేమే సరిదిద్దాం. గీసింది మీరు గనక మీ పేరు తియ్యడం మర్యాద కాదనిపించింది."

"మరి ఉత్తరాలు?"

"అందాయండి. తప్పు మీదేనని ఏ మొహం పెట్టుకుని రాస్తాం? రెండోది చదివి మావాళ్ళందరూ బాధపడ్డారు. మూడోది వచ్చాక భయపడ్డాం."

ఇదండీ సంగతి. నా పరువు తీసినవాళ్ళు నా పరువు కాపాడుతున్నామనుకుని తీశారు. గుప్తగారు తన గేటు తీయించబోయింది కూడా అందుకే. ఈ గోదావరికి రెండు ఒడ్డుల్లోనూ మర్యాద ఎక్కువైపోయి నిజానికి చోటు లేకుండా పోయింది. అలా అనేశాను కూడా. ఆవిడ మాత్రం, "మా తూర్పు జిల్లాని ఈయన ఎడమకి తోసేశారు, అడిగెయ్యండి అని నేను అప్పుడే అన్నానండి. వీళ్ళు వింటేనా?" అన్నారు.

చీకటి పడేవేళకి కబురందిన సభ్యులు కొందరు తమ పటాలు పట్టుకుని మేడ మీదికి వచ్చారు. రామలక్ష్మి ఇచ్చిన పిండితో చీటీలు అతికించాను. అందరినీ దక్షిణానికి తిప్పి నిలబెట్టి, పటాలు నెత్తిమీదికి ఎత్తించాను. ఆ ఏడు శని రోహిణి పక్కనే ఉన్నాడు, ఇద్దరూ నడినెత్తిన. గురుడు మిథునంలో. దక్షిణాన ఇళ్ళ పైన అగస్త్యుడు అప్పుడే పైకి తేలుతున్నాడు. "ఉందండీ! ఉన్నచోటే ఉంది!" అని ఒకాయన చిన్నపిల్లాడిలా అరిచాడు. ఉత్తరం వైపు చూస్తే ధ్రువుడు గోదావరి మీది గాలిలో స్పష్టంగా, ఏ అడ్డూ లేకుండా కనిపించాడు. మా ఊళ్ళో ఆయన దర్శనానికి మెడలు తిప్పాలి. ఇక్కడివాళ్ళ అదృష్టం అనుకున్నాను.

ఆ రాత్రి వాళ్ళింట్లోనే ఉన్నాను. పొద్దున్నే పెసరట్టు, ఉప్మా. మేం పెసరట్టులో ఉప్మా పెట్టుకుంటాం, వీళ్ళు పక్కన పెట్టుకుంటారు. ఎలా తిన్నా ఒకటే అని మొదటిసారి అనిపించింది. బయల్దేరుతూ కామేశ్వరరావుగారి చేతులు పట్టుకున్నాను.

"మాస్టారూ, ఇకమీద నా పటంలో తప్పు కనిపిస్తే నా మొహాన చెప్పండి. ఊరుకోవడం మర్యాద కాదు."

"అలాగేనండి," అన్నాడు. ఇంకేదో అనబోయినట్టు పటం వంక ఒకసారి చూసి, "బస్సుకి వేళవుతోందేమో," అన్నాడు.

ఆత్రేయపురంలో పళ్ళేలు తిరిగి ఇచ్చాను. "అతుకు నిలిచిందాండీ?" అని అడిగింది రామలక్ష్మి. నిలిచిందన్నాను. ఈ మూఢం అయ్యేలోగా వాళ్ళ వాకిట్లోంచి కనపడే ఆకాశం గీసి పంపుతానని చెప్పాను. పొగ ఎటు పోతుందో కూడా వేస్తాను.

మళ్ళీ పాలకొల్లు

మూఢం పోయింది. శుక్రుడు సాయంత్రం పడమట కనపడ్డాడు, పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. ప్రెస్సులో ఊపిరాడని ఒక మధ్యాహ్నం పోస్టుకార్డు వచ్చింది. మూడు ఉత్తరాలకీ కలిపి ఒకే జవాబు. ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను:

"గౌరవనీయులైన రత్నంగారికి నమస్కారములు. మీరు వదిలివెళ్ళిన చీటీలు మిగిలిన పటాలన్నిటికీ అతికించి అందరికీ అందజేశాము. తూర్పు ఎడమచేతి వైపునే ఉంది. మీ పేరు కింద ఉంది. తప్పు కనిపిస్తే మొహాన చెప్పమన్నారు గనుక, మా ఆవిడ ధైర్యం చెప్పగా రాస్తున్నాను. పటంలో ఉత్తరం అంచున మూడు కొబ్బరిచెట్లు వేశారు. మా మేడకి ఉత్తరాన కొబ్బరిచెట్లు లేవండి. ఆ రోజు మీరూ చూశారు. అవి మీ ఇంటి పక్కవి అయ్యుంటాయి. ఇది మాత్రం మీ తప్పే. అయినా మీరు ఊ అనేదాకా ఆ చెట్ల మీద మేము చెయ్యి వెయ్యము."